నలభై ఇళ్ల బియ్యం

మా మహబూబాబాదు సంఘంలో ఆడవాళ్లకు ఒక అలవాటు ఉంది. పొద్దున అన్నానికి బియ్యం కొలిచేటప్పుడు, కడగడానికి ముందే అందులోంచి ఒక పిడికెడు తీసి పక్కన డబ్బాలో వేస్తారు. ఇంట్లో ఇద్దరున్నా పదిమందున్నా ఆ పిడికెడు తప్పదు. శనివారం సాయంత్రం డబ్బాలన్నీ గుడికి వస్తాయి. గుడి వెనక గదిలో ఒక అవ్వ కాళ్లు చాపుకుని కూర్చుని, ఎవరి డబ్బా వాళ్ల చేతే బస్తాలో పోయిస్తుంది. సంఘం ఊళ్ల మీదికి పంపిన సువార్తికులు ఆ బియ్యమే తింటారు.

నేను కోడలిగా వచ్చిన మొదటి వారంలోనే మా అత్త నా చేతికి మూత సొట్టపోయిన పాలపొడి డబ్బా ఒకటి ఇచ్చి, "గిది నీది" అంది. ఎనిమిదేళ్లు ఆ డబ్బా నింపాను. తర్వాత రెండేళ్లు ఆ బస్తాలోంచి నేనే తిన్నాను. పోసేటప్పుడు నాకు తట్టని సంగతి ఒకటి వండేటప్పుడు తెలిసింది. నలభై ఇళ్ల బియ్యం ఒక గిన్నెలో ఉడకవు. ఒకరివి సన్నబియ్యం, ఒకరివి రేషనువి, ఒకరింట్లో పోయినేటి పాతవి, ఒకరింట్లో మొన్న మరపట్టించినవి. కొత్త బియ్యం ముద్దయిపోతుంటే పాతవి ఇంకా పలుకుగానే ఉంటాయి. నీళ్లు ఎంత పోయాలో రెండేళ్లలో ఒక్కనాడూ నాకు తెలియలేదు. ఎవరికి చెప్పుకుంటాం? దేవుని పేరు మీద ఇచ్చిన బియ్యానికి వంకలు పెడతామా?

మా ఆయన మోటార్లకు వైండింగు చేసేవాడు. రైల్వేస్టేషనుకు పోయే దారిలో చిన్న మడిగె, ఒక్క తలుపు కొట్టు. పొద్దంతా రాగి తీగ చుట్టుకుంటూ, పాటలు పాడుకుంటూ ఉండేవాడు. ఒక ఉపవాస ప్రార్థన రోజు పాస్టరు గారు, "తండాల్లోకి ఎవరు వెళ్తారు?" అని అడిగితే మగవాళ్ల వైపు నుంచి లేచి నిలబడ్డాడు. నేను ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చుని అందరితో పాటే చూశాను. ఇంటికి వచ్చాక నిలదీశాను.

"నాతోని ఒక్క మాటన్న చెప్పవద్దా?"

"నాకే తెల్వదే. లేశి నిలవడ్డంక తెలిసింది" అన్నాడు.

మమ్మల్ని సాగనంపిన రోజు గుడి ముందు టెంటు వేశారు. దండలు వేసి, తలల మీద చేతులుంచి ప్రార్థన చేసి, డప్పులతో బస్టాండు దాకా తీసుకుపోయారు. మా ఒక్క బిడ్డ, పాప, బడి కోసం జనగామలో మా అమ్మ దగ్గర ఉంటుందని అనుకున్నాం. మా అమ్మ జనగామ నుంచి వచ్చింది కాని దండ వేయలేదు. పక్కకు పిలిచి, "కరెంటు పని చేసెటోన్ని గాడికి తోలి ఏం జేపిస్తరే మీ సంఘపోళ్లు?" అంది. "రేపు ఏదన్న అయితె నా దగ్గరికి ఏడ్సుకుంట రావొద్దు" అని కూడా అంది. అన్నది కోపంతోనే. కాని ఆ మాట నా కొంగుకు ముడివేసినట్టే ఉండిపోయింది.

మేము పోయిన తండా భూపాలపల్లి జిల్లాలో మొగుళ్లపల్లి దాటాక ఉంటుంది. చిట్యాలలో బస్సు దిగి ఆటో పట్టాలి. ముప్పై ఇళ్లు. ఇళ్లలో వాళ్ల లంబాడీ మాట, బయటివాళ్లతో తెలుగు. మేము అద్దెకున్న రేకుల ఇంటి పక్కన ఒక పెద్దామె ఉండేది. అందరూ ఆమెను యాడి అనేవారు, అంటే వాళ్ల మాటలో అమ్మ. నేనూ అట్లే పిలిచాను. ఆమె దేవుళ్లు ఆమెకున్నారు, నా దేవుడు నాకున్నాడు. మా ఇద్దరి మధ్య గోడ మాత్రం ఒకటే, దాని మీదుగా కూరలు అటూ ఇటూ పోయేవి.

మొదటి ఏడాది బాగా గడిచింది. మా ఆయన సువార్త చెప్పక ముందే బోరు మోటార్లు బాగుచేయడం మొదలుపెట్టాడు. మోటారు కాలిపోతే పరకాల దాకా మోసుకుపోయే బాధ తప్పిందని జనం ఆయన్ను దగ్గరికి తీశారు. ఆదివారం మా వాకిట్లో పదిమంది, పన్నెండు మంది కూర్చునేవారు. కొందరు పాట కోసం, కొందరు మాట కోసం, కొందరు చాయ కోసం. "చాయ కోసమొచ్చినోళ్లే ఆఖరుదాక కూసుంటున్నరు" అని మా ఆయన నవ్వేవాడు.

రెండో ఏడాది వానలు ముఖం చాటేశాయి. బోర్లు ఎండిపోయాయి. పత్తి మోకాలెత్తున ఆగిపోయింది. దసరా వెళ్లగానే జనం మూటలు కట్టుకుని హైదరాబాదులో బిల్డింగుల పనికి పోవడం మొదలైంది. ఒకనాడు రెండిళ్లు, ఒకనాడు అయిదిళ్లు. నెల తిరిగేసరికి యాడి, ఆమె భర్త, ఇంకో ఇద్దరు ముసలివాళ్లు, మేకలు, మేము మిగిలాం. తక్కిన ఇళ్లన్నిటికీ తాళాలు. నీళ్లు లేక మోటార్లు లేవు, జనం లేక వాకిలి లేదు. మా ఆయనకు చేతుల పనీ పోయింది, నోటి పనీ పోయింది.

ఇక్కడ వాయిస్ సంగతి చెప్పాలి. నెలకు ఒకసారి, మొదటి శనివారం, మేము ఫోనులో మాట రికార్డు చేసి పాస్టరమ్మగారికి పంపాలి. ఆదివారం ఆరాధనలో దాన్ని మైకు ముందు పెట్టి అందరికీ వినిపిస్తారు. ఎక్కడో ఉన్నవాళ్ల గొంతు విని సంఘం సంతోషించాలని ఆమె పెట్టిన పద్ధతి. మంచి మనసుతోనే పెట్టింది. రాయడం నాకు అంతగా రాదు, ఏడో తరగతితో ఆగిపోయినదాన్ని. మాట్లాడటం మాత్రం వచ్చు. అందుకని ఆ పని నాకే పడింది. సిగ్నల్ కోసం తండా చివర నీళ్ల ట్యాంకు మెట్లెక్కి మాట్లాడేదాన్ని.

మా సంఘంలో ఉత్తరమైనా వాయిసైనా ఒకే తీరుగా మొదలవుతుంది. "ప్రభువు నామంలో అందరికీ వందనాలు. ఇక్కడ మేము క్షేమంగా ఉన్నాము." మా తాతల నాటి నుంచి అదే మాట. అది అనకుండా మొదలుపెడితే అందరూ ఎవరో చనిపోయారనుకుంటారు. అది అన్నాక ఇక వెనక్కి రావడానికి దారి ఉండదు. క్షేమంగా ఉన్నామని మైకులో చెప్పి, ఆ వెంటనే మా ఆయన నాలుగు రోజులుగా గడ్డం గీసుకోలేదు, తింటలేడు, అని ఎట్లా చెప్పేది?

తండా ఖాళీ అయిన నెలలో ట్యాంకు మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను. కింద ముప్పై ఇళ్లు, ఒక్క పొయ్యి పొగ. వందనాలు చెప్పాను, క్షేమమని చెప్పాను. తర్వాత, "పోయిన నెల లెక్కనే వస్తున్నరు, ప్రార్థన చెయ్యండి" అని కలిపాను. నలుగురున్నారని చెప్పొచ్చు కదా అని ఇప్పుడు ఎవరైనా అడగొచ్చు. నలభై ఇళ్ల మెతుకులు తింటున్నాం. ఆ పిడికెడు తీసేటప్పుడు ప్రతి ఇల్లాలూ మా పేర్లు తలుచుకుంటుంది. నేనూ ఎనిమిదేళ్లు అట్లే తలుచుకున్నాను. వాళ్లతో ఇక్కడ ఎవరూ లేరని, మేము ఊరికే కూర్చుని తింటున్నామని చెప్పడానికి నా నోరు లేవలేదు.

సోమవారం పాస్టరమ్మగారు ఫోను చేసింది.

"బిడ్డా, నీ గొంతు వింటె అందరికి ఎంత ధైర్యమొచ్చిందో! ఒకాయనైతే కండ్ల నీళ్లు పెట్టుకున్నడు."

"మంచిదమ్మగారు."

"ఏమన్న అవసరముంటే చెప్పు బిడ్డా."

చెప్పాలని నోటి దాకా వచ్చింది. ఆమె వెనకే ఎవరో పెద్దగా, "స్పీకరుల పెట్టుండ్రమ్మా, మేం గూడ వింటం" అన్నారు. "ఏం వద్దమ్మగారు, అంత మంచిగనే ఉంది" అన్నాను.

ఏం వద్దన్న పాపానికి నెల తిరగకుండానే చిట్యాల నుంచి ఒక ఆటో వచ్చింది. అందులో రెండు పెద్ద స్పీకరు డబ్బాలు, ఆంప్లిఫయరు, మైకు, దానికో స్టాండు. మా వైపు ఏ సంఘానికైనా గోడలు లేవక ముందే మైకు కావాలి. పన్నెండు మంది కూర్చునే చోట మైకు లేదని సంఘ పెద్ద ఒకాయన మనసు కష్టపెట్టుకుని అందరినీ కూడగట్టి కొనిపించాడు. సామాను దిగుతుండగానే ఫోను చేశాడు.

"ఏం తమ్మీ, ముట్టిందా? పెట్టి సూడు. తండా అంత వినవడాలె!"

మా ఆయన ఫోను చెవి దగ్గర పట్టుకుని, "ముట్టింది అన్నా, వందనాలు" అన్నాడు. పెట్టి చూశాడు కూడా. వైర్లు కలపడం ఆయనకు రెండు నిమిషాల పని. స్పీకర్లు మాకున్న ఒక్క గదిలో సగం తిన్నాయి. పడుకుంటే కాళ్లకు తగిలేవి. ఆయన మైకు ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు. ఆ సవరింపు తాళాలేసిన ఇళ్లకు కొట్టుకుని మళ్లీ మా దగ్గరికే వచ్చింది. యాడి గోడ మీద నుంచి తొంగి చూసి, "ఏంది బిడ్డా, పెండ్లా?" అని అడిగింది. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. స్విచ్చి కట్టేసి, "ఎవలకు చెప్పాలె?" అని నన్ను అడిగి, చాప మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఆనాటి నుంచి అదే పడక. లేస్తే బయటికి పోయి వచ్చేవాడు, రెండు ముద్దలు తినేవాడు, మళ్లీ గోడ వైపు. బైబిలు తెరిచి ఒళ్లో పెట్టుకునేవాడు, పొద్దున తెరిచిన పేజీ పొద్దుగూకినా అదే. పాటలు పాడే మనిషి. ఈగ ముఖం మీద వాలినా కొట్టుకోవడం మానేశాడు.

"సంఘానికి చెప్తా. దవాఖానకు పోదాం" అన్నాను.

"వద్దు. సువార్తికుడు గిట్ల పండుకుంటడా అంటరు. విశ్వాసం లేదంటరు."

"ఎవరు అనరు."

"నేనే అంటున్న" అన్నాడు.

ఒకసారి జనగామ పోయి మూడు రోజులుండి వచ్చాను, పాపను చూసినట్టుంటుందని. మా అమ్మ నా చేతులు పట్టుకుని గాజులు ఎంత వదులయ్యాయో చూసింది. "ఏమైందే?" అంది. "ఎండకు" అన్నాను. చలికాలం అది. ఏదన్నా అయితే రావద్దు అన్న మాట ఆమె ఎప్పుడో మరిచిపోయి ఉంటుంది, నేను మరవలేదు. పాప మా ఇద్దరి మధ్య పడుకుని, "బాపు ఎప్పుడొస్తడు?" అని అడిగితే, "బాపుకు పనుంది" అన్నాను. అట్లా అటు పుట్టింటికీ చెప్పలేదు, ఇటు సంఘానికీ చెప్పలేదు. తండాలో యాడికైనా చెబుదామంటే, మీకు మంచి మాట చెప్పడానికి వచ్చామని చెప్పుకున్నవాళ్లం, మా ఇంట్లో ఇట్లా ఉందని ఏ ముఖంతో చెప్తాం? ఎటు తిరిగినా ఎదురుగా ఒక మంచి మనిషే నిలబడి ఉన్నాడు. చెడ్డవాడైతే తోసుకుని పోయేదాన్ని.

చలి తగ్గి మామిడి పూత పట్టిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం నేను చిట్యాల వైపు మిరపచేలో కూలికి పోయి వచ్చేసరికి ఇంట్లో చాప ఖాళీగా ఉంది. తలుపు తీసే ఉంది. ట్యాంకు దగ్గర చూశాను, బోరు దగ్గర చూశాను. చెప్పులు చేతిలో పట్టుకుని చేల వెంబడి పరిగెత్తాను. ఎదురుగా యాడి వస్తోంది. మేకల తాడు ఒక చేతిలో, మా ఆయన చెయ్యి ఒక చేతిలో. ఆ పక్కన పాడుబడిన వ్యవసాయ బావి గట్టు మీద కూర్చుని ఉన్నాడట. మేకలు అటు పోతే చూసిందట. "ఊకనే కూసున్న" అన్నాడాయన. నేను ఆయన రెండో చెయ్యి పట్టుకున్నాను. యాడి ఆయన ముందు ఏమీ అనలేదు కాని, రాత్రికి ఇంత రొట్టె తెచ్చిచ్చి, నా చెవిలో తెలుగులోనే చెప్పింది: "ఒక్కన్ని ఇడిసిపెట్టకు. నా అన్న గిట్లనే కూసునెటోడు."

ఆ రొట్టె తినలేకపోయాను. ఈసారి చెప్పకపోతే ఈ మనిషి నాకు దక్కడు అని ఆ పూట తెలిసింది.

పది రోజుల్లో మహబూబాబాదులో కోతల పండుగ. సంఘమంతా పంట తెచ్చి దేవునికి ఇచ్చే రోజు. మేము వచ్చి సాక్ష్యం చెప్పాలని కబురు. ఆయన రానన్నాడు. "పానం బాగలేదని మాత్రం చెప్పకు. మొన్ననే మైకు పంపిరి" అన్నాడు. యాడిని అడిగాను. తన మంచం తెచ్చి మా వాకిట్లో వేసుకుని, పో, నేను చూస్తాను అని చేత్తోనే సైగ చేసింది. మైకులో చెప్పను, పాస్టరు గారిని పక్కకు పిలిచి నాలుగు ముక్కలు చెప్పి ఆ పూటే బస్సెక్కుతాను అనుకుని బయలుదేరాను. బస్సంతా ఆ నాలుగు ముక్కలే వల్లించుకున్నాను.

గుడి ముందు గుమ్మడికాయలు, మక్క కంకులు, కోళ్లు, బియ్యం మూటలు. తెచ్చినవాటిని సంఘ పెద్ద వేలం పాడుతున్నాడు. మైకు పంపిన పెద్దాయనే.

"సూడుండ్రి, సూడుండ్రి, దేవుని కోడి!"

"దేవునికన్న ముందు పుట్టినట్టుందన్నా గది" అని వెనక నుంచి ఎవరో.

"నోట్లె పండ్లు లేనోళ్లు పాట పాడకుండ్రి!"

జనమంతా నవ్వులు. నన్ను చూసి ఆడవాళ్లు చుట్టుముట్టారు. "అక్కొచ్చింది, అక్కొచ్చింది." ఒకామె మల్లెపూలు పెట్టింది, ఒకామె చీర కొంగు సర్దింది. "అన్నేడి?" అంటే "పనుంది" అన్నాను. "ఆదివారం గూడ పనేనా! గంత మందా?" అని వాళ్లే సంతోషపడ్డారు. పాస్టరు గారి దగ్గరికి చేరే లోపే పేరు పెట్టి పిలిచేశారు. నా చేతిలోకి మైకు వచ్చింది.

ముందు వరసలో మా అత్త. ఆమె వెనక డబ్బాలు నింపే ఆ నలభై ఇళ్ల ముఖాలు. నోరు తెరిచాను. "ప్రభువు నామంలో అందరికీ వందనాలు. అక్కడ మేము క్షేమంగా ఉన్నాము." ఆ తర్వాత నేను ఏమీ ఆలోచించనక్కర లేకుండానే తక్కినదంతా వచ్చింది. తండా, వాకిలి, పాటలు, చాయ కోసం వచ్చేవాళ్లు. మొదటి ఏడాది సంగతులన్నీ నిన్నటివిగా చెప్పాను. జనం నవ్వారు, చప్పట్లు కొట్టారు. దిగబోతుంటే పాస్టరు గారు ఆపి, "కమిటీ నిర్ణయం చేసింది. వీళ్ల సేవ ఇంకో మూడేళ్లు పొడిగిస్తున్నాం" అన్నారు. మళ్లీ చప్పట్లు. పెద్దాయన నా మెడలో దండ వేశాడు. తాళం పడిన చప్పుడు నాకు ఒక్కదానికే వినిపించింది.

భోజనాలయ్యాక గుడి వెనక గిన్నెలు తోమడానికి కూర్చున్నాను. అతిథిలా కూర్చోబెడతామంటే వినలేదు, నాకు ముఖం దాచుకునే చోటు కావాలి. బియ్యం పోయించుకునే అవ్వ పక్కన స్టూలు వేసుకుని బూడిద అందిస్తోంది. డెబ్భై దాటిన మనిషి. ఆమె భర్త డోర్నకల్లులో రైలు పట్టాల మీద గ్యాంగుమన్‌గా చేసి పోయాడు. అప్పటి నుంచి గుడే ఆమె ఇల్లు. చాలాసేపు నా చేతుల వంక చూసి అడిగింది.

"బిడ్డా, నేను పంపుతున్న బియ్యం ఎట్ల వండుకుంటున్నవే?"

అందరూ ఎంతమంది వస్తున్నారని అడిగారు. ఎట్లా వండుకుంటున్నావని రెండేళ్లలో అడిగినవాళ్లు లేరు.

"మంచిగనే ఉడుకుతది అవ్వా" అన్నాను.

"ఉడకదు. నాకెర్కలేదా? కలిపేదాన్ని నేను. ఒక్కటి మెత్తగైతది, ఒక్కటి గట్టిగుంటది. మరి గట్టియి ఎవరు తింటున్నరు? నువ్వా, వాడా?"

"ఆయన తింటలేడవ్వా" అన్నాను. అన్నం గురించే మొదలుపెట్టాను. "మెత్తనియి తింటలేడు, గట్టియి తింటలేడు. రెండు నెలలాయె." బావి దాకా అంతా చెప్పేశాను. గిన్నె మీద నీళ్లు పోస్తూనే చెప్పాను, ఎవరైనా చూస్తే తోముతున్నాననుకోవాలని.

అవ్వ వేళ్లకంటిన బూడిద దులుపుకుంది.

"ఎంత పనైపాయె. నెల నెల మైకుల గంత మంచిగ మాట్లాడ్తివి గదనే పోరీ."

"మైకుల గదే వస్తదవ్వా."

ప్రార్థన చేద్దామని అనలేదు. "రేపు తొలి బస్సుకు నేను గూడ వస్త. ఎవలకు చెప్పకు. నా కాళ్లతోని ఏం పని గాదు గని, కూసునుడైతే నాకు మంచిగొస్తది" అంది.

డోర్నకల్లు, మహబూబాబాదు తప్ప ఎన్నడూ ఎటూ పోని మనిషి, మూడు బస్సులు మారి వచ్చింది. కండక్టరు ఆధార్ కార్డు చూసి, "ఫిరీ అని గింత దూరం తిరుగుతున్నవా అవ్వా?" అన్నాడు. "అల్లుని ఇంటికి పోతున్న బిడ్డా. నీకేమన్న కడుపునొస్తుందా?" అంది.

ఇంటికి చేరేసరికి యాడి మంచం వాకిట్లోనే ఉంది. ఆయన చాప మీద గోడ వైపు తిరిగి ఉన్నాడు. అవ్వ గొంతు వినగానే గబుక్కున లేవబోయాడు, గడ్డం మీద చెయ్యి అడ్డం పెట్టుకుని. సంఘం వచ్చిందని భయం.

"లేవకు నాయినా, పండుకో. నిన్ను లేపనీకి రాలే నేను" అని అవ్వ ఆ స్పీకరు డబ్బాకే వీపు ఆనించి కూర్చుంది.

ఆరు రోజులు అట్లే కూర్చుంది. పొద్దున చాటలో బియ్యం చెరుగుతూ, అన్నీ కలిపి పంపినందుకు తనను తానే తిట్టుకునేది. యాడితో భాష సగం సగం కలిసినా ఇద్దరూ మోకాళ్ల నొప్పుల గురించి గంటలు మాట్లాడుకునేవారు. ఆయన్ను మాత్రం ఏమీ అడిగేది కాదు, తన సంగతులే చెప్పేది. పట్టాల మీద ఒక మనిషి రైలు కింద పడితే ఆమె భర్తే మొదట చూశాడట. ఆ తర్వాత ఏడాది ఆయన పనికి పోయేవాడు, వచ్చేవాడు, మాట్లాడేవాడు కాదట. "నేను అందరితోని మా ఆయన మంచిగున్నడనే చెప్పిన. గుళ్లె గూడ గట్లనే చెప్పిన. చెప్పి చెప్పి నాకే నిజమనిపిచ్చింది" అంది. అంతకన్నా కథను ముందుకు తీసుకుపోలేదు.

నాలుగో నాడు ఆయన ఆమె వైపు తిరిగి పడుకున్నాడు. ఆరో నాడు అవ్వ అడిగింది.

"కొడుకా, నేను పోయి చెప్పాల్నా, వద్దా? నువ్వు వద్దంటె నా నోట్లెకెల్లి రాదు. చెప్పమంటె మాత్రం ఉన్నదున్నట్టు చెప్త."

నేను పొయ్యి మీది గిన్నె దించాను. ఆయన రేకుల వంక చూశాడు.

"చెప్పవ్వా. కని మైకుల వద్దు" అన్నాడు.

నాలుగు రోజులకు పాస్టరు గారు, సంఘ పెద్ద ఆటో దిగారు. ఆ ఇద్దరూ మా తండాకు రావడం అదే మొదలు. పెద్దాయన తాళాలేసిన ఇళ్ల వెంబడి అటు చివరి దాకా పోయి తిరిగి వచ్చాడు.

"జనమేరి చెల్లే?"

"లేరన్నా. దసరా నుంచి లేరు."

"మరి మైకు…" అని, మా గదిలో అవి ఎంత చోటు తిన్నాయో చూసి ఆగిపోయాడు. ఆయన ముఖం చూస్తే నాకే జాలేసింది. స్పీకర్లు ఒక్కొక్కటే తానే మోసి ఆటోలో పెట్టుకున్నాడు. అబద్ధమాడినందుకు నన్ను తిడతారని కాచుకుని ఉన్నాను. పాస్టరు గారు, "తప్పు నీ ఒక్కదానిది కాదమ్మా, మేము వినాలనుకున్నదే నువ్వు చెప్పావు" అన్నారు. ఆ మాటకు నా బరువు దిగిందని చెప్పలేను. అబద్ధం నాదే. అది నాకు తెలుసు.

హనుమకొండ దవాఖానలో డాక్టరు ఇది కూడా షుగరు లాంటి జబ్బే, మందుకు లొంగుతుంది, టైం పడుతుంది అన్నాడు. రాత్రి వేసుకునే మాత్ర ఒకటి, పొద్దున ఒకటి. ఆయన్ను మహబూబాబాదు తీసుకువచ్చాం. బడి మధ్యలో మాన్పించలేక పాపను జనగామలోనే ఉంచాం. కమిటీలో పెద్ద గొడవే అయిందట. పనిచేయనివాళ్లను బియ్యం పంపే లిస్టులో ఎట్లా ఉంచుతామని ఒకాయన అంటే, అవ్వ గుమ్మంలో నిలబడి, "పండుకున్నోనికి ఆకలి కాదా?" అని అడిగిందట. లిస్టులో పేరు తీయలేదు. ఎన్నాళ్లు అన్నది రాయలేదు. వాయిసులు మైకులో వేయడం మానేసి, నెలకు ఇద్దరు పోయి చూసి రావాలని పెట్టుకున్నారు. ఇప్పటికి కొన్ని నెలలు పోయారు, కొన్ని నెలలు పోలేదు.

మా వాడలో మాకు "తిరిగొచ్చినోళ్లు" అని పేరు పడింది. ఎవరూ ముఖం మీద అనరు. కూరగాయల దగ్గర నేను పోగానే మాట ఆగుతుంది. తండాలో ఉన్నప్పుడు అక్కడి నుంచి బయటపడితే చాలనుకున్నాను. ఇక్కడ మా అత్త ఇంట్లో, మడిగె వేరేవాళ్ల చేతికి పోయి, ఆయన కిటికీ దగ్గర కూర్చుంటే, తలుపు తెరిచే ఉన్నా బయటికి కాలు పెట్టడానికి ఇద్దరికీ భయంగానే ఉండేది. గుడికి పోవడానికి ఆయనకు రెండు నెలలు పట్టింది.

మొదటి ఆదివారం వెనక వరసలో కూర్చున్నాడు. పాస్టరు గారు మమ్మల్ని ముందుకు పిలవలేదు. ఆరాధన అయ్యాక బయట చెప్పులు వెతుక్కుంటుంటే ఒకాయన, పాపం ప్రేమగానే, ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

"ఏం తమ్మీ, మంచిగున్నవా? మళ్ల ఎన్నడు పోతున్నరు తండాకు?"

చుట్టూ నలుగురైదుగురు ఆగారు. దేవుని కృప, అంతా క్షేమం, త్వరలోనే పోతున్నాం అనే మాట నా నాలుక మీదికి వచ్చేసింది. ఆయన బదులు నేనే అనేసేదాన్ని. ఆయన నా వైపు చూసి, వద్దన్నట్టు తల కొంచెం ఊపాడు.

"తెల్వదన్నా" అన్నాడు. "ఇంక మంచిగలేను. గోళీలు ఏసుకుంటున్న."

అందరూ వింటుండగా అన్నాడు. ఆ అడిగినాయన భుజం మీది చెయ్యి తీయకుండానే దగ్గరికి జరిగాడు.

"నా పెద్ద బిడ్డ గూడ ఏసుకుంటుంది తమ్మీ" అన్నాడు మెల్లగా. "ఇంట్ల తప్ప ఎవలకు ఎర్కలేదు."

వాళ్లిద్దరూ గేటు దాకా కలిసి నడిచారు. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.